జంఘాత్రాణము: కాలితొడుగుల చరిత్రమును మన వృత్తియు

తెలుగున 'జోడు' అను మాటకు మూడర్థములు గలవు. జత యనునది యొకటి. పాదరక్ష యనునది రెండవది. కవచమనునది మూడవది. ప్రాచీన కావ్యములందు వీరులు జోడు తొడిగి యుద్ధమునకు బయలుదేఱుదురు. మన యూళ్లలో ముసలివారు జోళ్లు వాకిట విడిచి లోనికి రమ్మందురు. చెప్పును కవచమును ఒక్క పేర పిలిచిన భాష మన కులవృత్తినిగూర్చి యొక సత్యమును చెప్పకయే చెప్పినది. చర్మకారుడు చేయు వస్తువు అలంకారమగుటకు ముందు రక్షణము. అట్లయిన ఈ రక్షణము పాదముకడనే యేల నిలిచిపోయినది? మడమనుండి మోకాలివఱకు గల పిక్క, సంస్కృతమున జంఘ యనబడు భాగము, ముండ్లకును రాళ్లకును పాములకును మొదట ఎదురగునది కదా. దానికి తొడుగు మన దేశమున నెవరు ధరించిరి, ఎవరు ధరింపలేదు, ధరింపనివారేల ధరింపలేదు? ఈ మహాసభ సంచికకు వ్యాసము కోరిన పెద్దలు విషయమును నా యిష్టమునకు విడిచిరి గావున, ఈ ప్రశ్ననే తీసికొంటిని.

ముందుగా కోశములను జూతము. అమరసింహుడు వస్త్రములను మనుష్యవర్గమున జెప్పెను. కవచములను క్షత్రియవర్గమున జెప్పెను. పాదుకను, ఉపానత్తును మాత్రము చర్మకారునితో గూడ శూద్రవర్గమున నుంచెను. సాలెవాడును ఆ శూద్రవర్గముననే యున్నాడు. కాని వాడు నేసిన బట్ట వానిని విడిచి మనుష్యవర్గమునకు పోయినది. మనవాడు కుట్టిన చెప్పు మాత్రము కుట్టినవానితోనే నిలిచిపోయినది. బట్టకు ధరించువానినిబట్టియు, చెప్పునకు చేయువానినిబట్టియు స్థానము కలిగినదన్నమాట. అమరకోశమును కంఠస్థము చేసిన బాలురలో నెందఱీ భేదమును గమనించిరో తెలియదు గాని, గమనింపదగిన భేదమే.

ఇక పిక్కతొడుగు మాట. కౌటిల్యుడు అర్థశాస్త్రమున ఆయుధాగారమును వర్ణించుచు శిరస్త్రాణము, కంఠత్రాణము, కూర్పాసము, కంచుకము, వారవాణము మొదలగు కవచభేదములను లెక్కించెను. ఆ పట్టికలో జంఘకు రక్షణము కానరాదు. పండ్రెండవ శతాబ్దమున గుర్జరదేశపు హేమచంద్రాచార్యుడు తన అభిధానచింతామణిలో జంఘాత్రాణమును పేర్కొని, దానికి 'మత్కుణము' అను పర్యాయము నిచ్చెను. మత్కుణమనగా లోకమున నల్లి. పిక్కను గఱచి పట్టుకొనునదగుటచే నాపేరు వచ్చెనో, మఱి యేల వచ్చెనో కాని, చదువరికి నవ్వు రాకమానదు. వస్తువు ఈ దేశమున నెఱుగబడినదే, దానికి పేరును గలదే. కాని వాడుక విరళమని యీ రెండు గ్రంథములనుబట్టి యూహింపవచ్చును.

బౌద్ధవాఙ్మయమున నీ విషయమింకను స్పష్టముగా నున్నది. వినయపిటకమునందలి మహావగ్గమున 'చమ్మక్ఖంధక' మను నొక ప్రకరణమే కలదు. అది యంతయు చర్మమునుగూర్చినది. సోణుడను ధనికపుత్రుడు భిక్షువై, కఠోరముగా చంక్రమణము చేయగా వాని సుకుమారపాదములు పగిలి నడచినచోటెల్ల రక్తమయమయ్యెను. బుద్ధభగవానుడు వానికొక్కనికి ఒంటిపొర చెప్పులు తొడుగ ననుజ్ఞ నిచ్చెను. అందులకు సోణుడంగీకరింపలేదు. సంఘమున కెల్ల అనుజ్ఞయైన ధరింతును, నాకొక్కనికైన ధరింపననెను. అంతట భగవానుడు భిక్షువులందఱకును ఒంటిపొర చెప్పుల ననుమతించెను. పాదరక్షల చరిత్రమున నింతకంటె గొప్ప ఘట్టమును నేనెఱుగను. అవంతిదేశపు భిక్షువులు, మా నేల నల్లనిది, గరుకైనది, పశువుల గిట్టలచే త్రొక్కబడి గట్టిపడినది యని విన్నవింపగా, అట్టి ప్రత్యంతదేశములందు పెక్కుపొరల చెప్పులకును అనుజ్ఞ లభించెను. నేలనుబట్టి నియమము మాఱెనే కాని పుట్టుకనుబట్టి మాఱలేదు.

ఆ ప్రకరణముననే భిక్షువులు ధరింపరాని పాదరక్షలు కొన్ని చెప్పబడినవి. వానిలో 'పుటబద్ధ' మనునది యొకటి. అయిదవ శతాబ్దమున బుద్ధఘోషుడు దీనిని వ్యాఖ్యానించుచు, ఇది యవనుల పాదరక్షయనియు, జంఘవఱకు పాదమునంతను గప్పునదనియు చెప్పెను. అనగా మన దేశమున పిక్కవఱకు వచ్చు చర్మపుతొడుగు యవనుల వేషముగా, విలాసముగా నెంచబడెను. విలాసమన్నది వట్టిమాట కాదు. అలెగ్జాండరుని నావికాధిపతియైన నియార్కసు, భారతీయులు తెల్లని తోలుతో చిత్రముగా కుట్టిన చెప్పులు తొడుగుదురనియు, పొడవుగా కానవచ్చుటకై వాని అడుగుల మందముగా చేయింతురనియు తెలిపినట్లు ఏరియను అను గ్రీకు చరిత్రకారుడు వ్రాసెను. ఎత్తుమడమల వేడుక నిన్న మొన్నటిది కాదు.

ఇక మన యింటిముంగిటి సాక్ష్యమునకు వత్తము. హాలియానుండి సాగరము త్రోవను పోవువారికి నాగార్జునకొండ దూరము కాదు. 1926వ సంవత్సరమున సురపరాజు వెంకటరామయ్యయను పాఠశాలోపాధ్యాయుడు అచ్చటి ప్రాచీనస్తంభమును జూచి ప్రభుత్వమునకు తెలుపగా ఆ లోయ వెలుగులోనికి వచ్చెను. (ఉపాధ్యాయులు పాఠములేకాక మఱికొన్నియు చేసిరని యీ సందర్భమున చెప్పుకొనుట మా వృత్తివారికి తగును.) తరువాత లాంగ్‌హర్స్టు త్రవ్వించెను. ఆనకట్ట నిర్ణయమైన పిదప 1954 మొదలు 1960 వఱకు ఆర్. సుబ్రహ్మణ్యముగారి యాజమాన్యమున విస్తారముగా త్రవ్వకములు జరిగెను. లోయ యిపుడు జలమయము. శిల్పములు కొండకొననున్న మ్యూజియములో గలవు, కొండ ద్వీపమైనది.

అచ్చటి యిక్ష్వాకులకాలపు శిల్పములందు, అనగా మూడు నాల్గవ శతాబ్దులనాటి శిల్పములందు, రాజులు, రాణులు, పరిచారకులు, వర్తకులు ఎల్లరును జంఘలు బయలుగానే యుందురు. ఆ జంఘలకు అందెలు, కడియములు గలవు, తొడుగులు లేవు. వీరిమధ్య ఒక స్తంభముపై గడ్డముతో, శిరస్త్రాణముతో, పొడుగుచేతుల కంచుకముతో, కాళ్లను గప్పు షరాయితో, బల్లెము పట్టిన యొక సైనికుడు నిలిచియున్నాడు. లాంగ్‌హర్స్టు వీనిని శకసైనికునిగా గుర్తించెను. శకుడీ కృష్ణాతీరమున కెట్లు వచ్చెనని వింతపడ నక్కఱలేదు. ఉజ్జయినీ రాజపుత్రిక యగు రుద్రధరభట్టారిక యిక్ష్వాకుల రాణియై యిచ్చటి శాసనములందు కానవచ్చుచున్నది. ఆభీర వసుషేణుని శాసనమున అవంతీశకుడగు రుద్రదామునియు, ఒక యవనరాజునియు పేరులు గలవు. చలిదేశములలో గుఱ్ఱమెక్కి తిరుగు జాతులు కాళ్లు గప్పుకొని వచ్చిరి. ఇచ్చటి శిల్పి వానిని జూచి చెక్కెను. ఇచ్చటి ప్రభువులు మాత్రము ఆ వేషమును స్వీకరింపలేదు.

దేవతలకును ఈ భేదము తప్పలేదు. ఉత్తరదేశమున సూర్యభగవానుని విగ్రహములకు మోకాళ్లవఱకు బూట్లు చెక్కుదురు, కోణార్కమున జూడవచ్చును. వరాహమిహిరుడు బృహత్సంహితలో సూర్యునికి ఉదీచ్యవేషమును, పాదములనుండి వక్షమువఱకు కప్పబడిన రూపమును విధించెను. మధురాప్రాంతమున 1911లో దొరకిన కనిష్కుని శిరోరహితవిగ్రహము కాళ్లకు బరువైన బూట్లు ధరించియున్నది. సూర్యుని వేషమెచ్చటనుండి వచ్చినదో దానిని జూచినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. బూట్ల సంగతి పిమ్మట మఱచిపోయినవారు, సూర్యుని పాదములను చెక్కరాదని మత్స్యపురాణమున నొక కథ కల్పించిరి. దక్షిణదేశమున సూర్యుడు మన రైతువలెనే వట్టికాళ్లతో నిలుచును. దేవుని కాళ్లకు తోలుబూట్లు ఉత్తరమున పూజార్హములైనవి. వానిని కుట్టు జాతి గుడిగడప త్రొక్కుటకు అనర్హమైనది. దీనిని చదువరులే ఆలోచించుకొందురు గాక.

పాశ్చాత్యులలో కథ వేఱు. హోమరు కాలమునుండి గ్రీకువీరులు కాళ్లకు లోహపుతొడుగులు గట్టిరి. ఆ కవి తన వీరులకిచ్చిన ప్రసిద్ధవిశేషణములలో నదియొకటి. పదునెనిమిదవ శతాబ్దమున యూరపు సేనలలో కాల్బలమునకు తుపాకితోబాటు గెయిటర్లు వచ్చెను. గెయిటరనగా బూటుపైనుండి పిక్కవఱకు, కొన్ని సేనలలో మోకాలుదాటి తొడవఱకు, గుడ్డతోగాని తోలుతోగాని చేసి ప్రక్కను గుండీలు పెట్టిన తొడుగు. బురద, గులకరాళ్లు, ముండ్లు బూటులోనికి పోకుండ నిది యడ్డును. గుండీల వరుస పెద్దది, తెల్లగుడ్డ మాయునది. సైనికునికి యుద్ధముకంటె గుండీలవలననే శ్రమ యెక్కువయయ్యె నేమో. పిమ్మట నది పొట్టిదై, నగరవాసుల వేడుకయై, మెఱయు బూటుపై తెల్లని 'స్పాట్స్' అను పేర ధనికుల పాదములనెక్కెను. బురదకొఱకు పుట్టినది బురద త్రొక్కనివారి చిహ్నమైనది. వేడుకల చరిత్రమెల్ల నిట్టిదే.

కంపెనీవారి సేనలలో మొదట చేరినవారిలో మన తెలుగువారు పెక్కురు. ఉత్తరదేశమున సిపాయినే 'తిలంగా' యని పిలిచిరన్న దానినిబట్టి యెంతమందియో ఊహింపవచ్చును. ఆ తిలంగాలకు పైన ఎఱ్ఱకోటు, క్రింద పొట్టి జాంఘియా, పిక్కలు బట్టబయలు, కాళ్లకు చెప్పులు. సగము యూరపు, సగము మన పొలము. 1806 జూలై 10న వేలూరులో సిపాయిలు తిరుగబడుటకు గల కారణములలో తలపాగమీది తోలుకుచ్చు ఒకటి. పాదములకు తోలు ఎవరికిని అభ్యంతరము కాలేదు. అదే తోలు తలకెక్కగా రక్తము ప్రవహించెను. తోలును గూర్చి మన దేశపు మనస్సులోని మెట్లు ఇందువలన తెలియును.

పందొమ్మిదవ శతాబ్దాంతమున ఆంగ్లసేనలు గుండీల గెయిటర్లను విడిచి, హిమాలయప్రాంతపువారు చలికిని రాళ్లకును కాళ్లకు చుట్టుకొను ఉన్నిగుడ్డపట్టీని స్వీకరించినవి. సంస్కృతమున పట్టము, పట్టిక, హిందీలో పట్టీ, ఇంగ్లీషువారి నోట 'పుటీ'. మన పదమే వేషము మార్చుకొని లోకమంతయు తిరిగినది. 1914–1918 మహాయుద్ధమున లక్షలకొలది సైనికులు ఈ పట్టీలు చుట్టుకొనియే కందకములలో నిలిచిరి. తరువాత వానిస్థానమున కాన్వాసుతో చేసిన పొట్టి ఆంక్లెట్లు వచ్చెను. 1948లో ఏర్పడిన ఎన్.సి.సి.లో చేరిన మన బాలురును వానిని తొడిగిరి. ఆంక్లెట్లకు సుద్దపూసి తోమిన చేతులు ఈ సభలో నెన్నియో యుండును.

ఆ మహాయుద్ధకాలమున బూట్లకు, జీనులకు, తోలుపట్టీలకు ముడిసరకెక్కడిది? కాన్పూరున ప్రభుత్వపు జీనుల కర్మాగారమును, కూపర్ అలెన్ కంపెనీ బూట్ల కర్మాగారమును గలవు. మదరాసునుండి ఊనిన తోళ్లు ఇంగ్లండునకు పోయి సైనికుల బూట్లపైభాగములయ్యెను. దక్షిణదేశపు ఈ తోళ్ల ప్రశస్తికి కారణము తంగేడుచెక్క. బతుకమ్మలో పేర్చు పసుపుపువ్వు, 2014 తరువాత తెలంగాణ రాష్ట్రపుష్పమైన తంగేడు, మన కులమునకు పువ్వుకంటె చెక్కవలననే యెక్కువ యుపకరించినది. పచ్చితోలును సున్నపుతొట్టిలో నానవేసి, వెండ్రుకలు గీకి, కండ తీసి, తంగేడుచెక్క నానిన నీటిలో నూరబెట్టి, పిమ్మట తిత్తివలె కుట్టి, ఆ తిత్తిని చెక్కరసముతో నింపి వ్రేలాడదీయుదురు. రసము మెల్లమెల్లగా తోలులోనికి దిగును. కరక్కాయయు వాడుదురు. లందలో జరుగు ఈ పనికి వాసన గలదు. ఆ వాసన చూపి మనలను దూరముగా నుంచినవారు ఆ లందలో పుట్టిన చెప్పులనే తొడిగిరి. తరువాత ఆఫ్రికానుండి వాటిల్ చెక్కయు, ఇరువదవ శతాబ్దారంభమున మదరాసులో ఛాటర్టను ప్రోత్సాహమున క్రోము ఊనికయు ప్రబలినవి. 1948లో మదరాసున కేంద్ర చర్మపరిశోధనాలయము స్థాపితమైనది. లందలు క్రమక్రమముగా మూతపడినవి.

ఇపుడు మొదటి ప్రశ్నకు వత్తును. జంఘాత్రాణము మనకేల లేదాయెను? ఎండయని కొందఱందురు. నిజమే కాని చాలదు. తుమ్మ, రేగు, గచ్చ, పల్లేరు గల యీ మెట్టనేలలో ఎండకంటె ముల్లు బలవత్తరము. అందుకే గొఱ్ఱెలకాపరికి కిఱ్ఱుచెప్పులు కుట్టితిమి. మోటకు తొండము కుట్టగలిగిన చేతికి, ఎడ్లమెడకు పట్టెడ కుట్టగలిగిన చేతికి, జానెడున్నర తోలుతో పిక్కతొడుగు కుట్టుట యొక పని కాదు. ఆరె యున్నది, రంపె యున్నది, తోలున్నది. లేనిది అనుజ్ఞ.

నైజాము తెలంగాణమున వెట్టిక్రింద మాదిగలు దొరలకును దేశముఖులకును చెప్పులు, మోటకు తోలు, సేద్యమునకు వలసిన వార్లు ఉచితముగా నీయవలసియుండెను. కుట్టినవాడు మాత్రము చెప్పులు తొడిగి గడిముందు నడువరాదు. విడిచి చేతబట్టుకొని పోవలెను. పాదమునకే అనుజ్ఞ లేనిచోట పిక్కకు తొడుగెవడు తలచును? సోణునికి వచ్చిన అనుజ్ఞ మనకు రాలేదు. 1946 మొదలు నల్లగొండజిల్లాలో ప్రజ్వరిల్లిన రైతాంగపోరాటమును భూమికై జరిగిన పోరాటమనియే చరిత్రకారులు వ్రాయుదురు. అది వెట్టికి వ్యతిరేకమైన పోరాటముగూడ; చెప్పులు విడువకుండ గడిముందు నడచుట అందులో నొక భాగమని మనము వ్రాసికొనవలెను.

ఇదంతయు గతించినకథ యనుకొనువారున్నారు. 1950 జనవరి 26న రాజ్యాంగము పదునేడవ అధికరణమున అస్పృశ్యతను రద్దు చేసినది. 1989లో అత్యాచార నిరోధక శాసనము వచ్చినది. ఆ శాసనము 2015లో సవరింపబడి 2016 జనవరి 26నుండి అమలులోనికి వచ్చినపుడు, దళితుడు బహిరంగస్థలమున పాదరక్షలు గాని క్రొత్తబట్టలు గాని ధరించుట కడ్డుపడుట నేరమని అందు ప్రత్యేకముగా చేర్చిరి. ఇరువదియొకటవ శతాబ్దమున శాసనకర్తలు చెప్పును పేరుపెట్టి వ్రాయవలసివచ్చెను. ఇంతకంటె వేఱు సాక్ష్యమేల?

1967 ఆగస్టు 4న సాగరము కాలువలకు నీరు విడుదలైన తరువాత మన హాలియా మెట్టలు క్రమముగా మాగాణములైనవి. ముల్లు తగ్గి బురద వచ్చినది. బురదలో చెప్పు నిలువదు. నాటువేయు ఆడువారు, కోతకోయు కూలీలు వట్టికాళ్లతోనే దిగుదురు. వారిలో మనవారి సంఖ్యయే యెక్కువ. వరిలో ఎలుక, ఎలుకకొఱకు పాము. 2020లో ప్రకటితమైన యొక పరిశోధన ప్రకారము 2000 మొదలు 2019 వఱకు మన దేశమున పాముకాటువలన పండ్రెండు లక్షలమంది, అనగా ఏటికి సగటున 58,000 మంది మరణించిరి. సుమారు సగము మరణములు జూన్ సెప్టెంబరు మాసములమధ్య వానకారులోనే. నూటికి డెబ్బదివంతుల మరణములు ఎనిమిది రాష్ట్రములలో జరిగినవి. తెలంగాణము కలిసిన ఆంధ్రప్రదేశము వానిలో నొకటి. కాట్లలో నధికభాగము కాళ్లకే. 2024 మార్చిలో కేంద్రప్రభుత్వము 2030 నాటికి ఈ మరణములను సగమునకు తగ్గింపదలచి జాతీయప్రణాళికను ప్రకటించినది. ఆసుపత్రులలో మందు నిలువయుండుట ముఖ్యమే. కాని కాటు పడకముందు పిక్కమీద నొక మందపు తొడుగున్న, ఆ మందుతో పనియే యుండదు కదా. ఇనుము కరగించు కర్మాగారములలో పనివారికి తోలు కాలితొడుగు లిచ్చుచున్నారు. క్రికెట్టు ఆడు బాలురు రెండుకాళ్లకు పట్టీలు గట్టుకొనుచున్నారు. వరికోతకూలీ కాలు వీరి కాళ్లకంటె తక్కువదా?

మహాసభ కార్యనిర్వాహకులకును పోషకులకును నా విన్నప మొక్కటి. లంద పని, కిఱ్ఱుచెప్పుల పని తెలిసిన వృద్ధులు మన గ్రామములలో నింకను కొందఱున్నారు. వారిని ఈ సభకు రప్పించి, నీటికి చెడని తోలుతోగాని, తోలును గట్టిగుడ్డయు కలిపిగాని, మోకాలిక్రిందనుండి చీలమండవఱకు వచ్చు తొడుగు నమూనాలు నాలుగైదు కుట్టింపుడు. పరీక్షకై వానిని మదరాసునందలి కేంద్ర చర్మపరిశోధనాలయమునకు పంపవచ్చును. వచ్చు వానకారులో నాటువేయు మన యాడుపడుచులచేత కట్టించి, బురదలో నడువ వీలగునో కాదో వారినోటనే వినవలెను. ఆ వృద్ధులు పనిచేయుచు వాడు మాటలను, పనిముట్ల పేరులను, తోలు ఊనిక దశలకు గల పేరులను ప్రక్కన గూర్చుండి వ్రాసికొనుట కొక యువకుని నియమింపుడు. కాగితము, కలము నేనిచ్చెదను.